కడిగిన పీపా

మురికి కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఇదొక జబ్బు. ఎవరింటికైనా చుట్టపుచూపుగా వెళ్తే, వాళ్ళు కాఫీ కలిపి తెచ్చేలోపు నేను వాళ్ళ కిటికీ చువ్వలు తుడిచేసి కూర్చుంటాను. అందుకే మా వదిన నన్ను ఎక్కడికీ వెంట తీసుకెళ్ళదు. “నీతో వెళ్తే పలకరించడానికి వెళ్ళినట్టుండదమ్మాయ్, తనిఖీకి వెళ్ళినట్టుంటుంది” అంటుంది.

ఇన్నాళ్ళూ ఆ జబ్బే నాకు కూడు పెట్టింది. ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌గా జుట్టు నెరిసేదాకా పనిచేశాను. కత్తెరలు, బల్లలు, గోడలు, ఆఖరికి డాక్టర్ల చేతులు కూడా నా కన్ను పడ్డాకే లోపలికి వెళ్ళేవి. మా సర్జన్‌గారు పరమ కోపిష్టి. అయినా నేను “మళ్ళీ కడుక్కోండి” అంటే కిక్కురుమనకుండా వెళ్ళి కడుక్కునేవారు. ఆ తర్వాత ఆస్పత్రివాళ్ళు థియేటర్ని పెద్ద ఊరికి మార్చేశారు. నన్నూ రమ్మన్నారు. సముద్రం హోరు వినపడని చోట నాకు నిద్ర పట్టదు, రానన్నాను.

ఇంట్లో కూర్చుని, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ వదిన ప్రాణాలు తోడేస్తున్న రోజుల్లో, రేవు దగ్గర గోడ మీద ఒక కాగితం చూశాను. శుభ్రత తెలిసిన మనిషి కావాలి, మిగతా పని మేం నేర్పుతాం అని ఉంది. ఇదెవరో నా కోసమే అంటించారనుకున్నాను. అది బీరు కాచే షెడ్డని అక్కడికి వెళ్ళాక గాని తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి రాలేదు, అదీ నా బుద్ధి.

నేనుండేది అన్నావదినల దగ్గర. అన్నయ్య రేవులో క్రేను నడుపుతాడు, ఇంట్లో ఆయన్ని వదిన నడుపుతుంది. వదినకు మందు పేరెత్తితే ఒళ్ళు మండుతుంది. వాళ్ళ నాన్న తాగి తాగి పోయాడు, పోయేముందు ఇంట్లో గిన్నెలతో సహా అమ్మేశాడు. అలాంటి మనిషి ముందు నిలబడి, “వదినా, నేను బీరు షెడ్డులో చేరాను” అనడానికి నాకు మొహం చెల్లలేదు. ల్యాబులో పని అని కొన్నాళ్ళు నెట్టుకొచ్చాను. వాసన దాగుతుందా? ఒకరోజు నా బట్టలు నానబెడుతూ ముక్కు దగ్గర పెట్టుకుని, “ఈ ల్యాబులో ఎవర్ని పరీక్ష చేస్తారమ్మాయ్, తాగుబోతుల్నా?” అంది.

ఆ తర్వాత ఆ మాట మా మధ్య మళ్ళీ రాలేదు. వీధిలో ఎవరైనా అడిగితే మాత్రం నేను నోరు విప్పేలోపే తనే “మా అమ్మాయి ల్యాబులో చేస్తోంది” అని చెప్పేసేది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కదా. నేనూ అంతే. షెడ్డు ముందు గేటు వదిలేసి, ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో చేపల నీళ్ళు దాటుకుంటూ, వెనక తలుపు నుంచి పనికి వెళ్ళేదాన్ని. సిగ్గు. నేనేమైనా దొంగతనానికి వెళ్తున్నానా అని నన్ను నేనే కసురుకునేదాన్ని. అయినా మర్నాడు కాళ్ళు ఆ సందులోకే తిరిగేవి.

పని మాత్రం నాకు ప్రాణమైపోయింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెడితే తియ్యటి మాల్టు నీళ్ళు దిగుతాయి. వాటిని కాచి చల్లార్చి, ఈస్ట్ కలిపి స్టీలు ట్యాంకుల్లో వదిలితే నురగెత్తి బీరవుతుంది. ఈస్ట్ అంటే కంటికి ఆనని ప్రాణి. దానితో పాటు ఇంకే క్రిమి దూరినా ట్యాంకు సరుకంతా మురుగుకాలవ పాలే. అందుకని ట్యాంకులూ గొట్టాలూ కడగడం నా వంతు. నేను వచ్చాక ఒక్క ట్యాంకు పాడవలేదు. అందరూ నన్ను ‘సిస్టరమ్మ’ అని పిలిచేవాళ్ళు. ఈ వయసులో ఓనమాలు దిద్దుకుంటున్నదాన్ని, మెచ్చుకుంటే పొంగిపోనా? పొంగిపోయాను. అక్కడే నాకు శని పట్టింది.

షెడ్డు యజమానురాలు పెద్దమ్మ. ఊరంతా అలాగే పిలుస్తారు. బీరు కాచే మేస్త్రిని పొడుగాయన అంటారు. ప్రతి గుమ్మం దగ్గరా తల వంచక తప్పదు ఆయనకి, కోపం వస్తే మాత్రం ఎవరి ముందూ వంచడు. వెనక వైపు, సముద్రానికి ఎదురుగా కిటికీ ఉన్న గదిలో ఒక చెక్క పీపా అడ్డంగా పడుకుని ఉండేది. మనిషి లోపలికి దూరి కూర్చోగలిగినంత పీపా. ముందు వైపు చిన్న తలుపు. పెద్దమ్మ భర్త బతికున్న రోజుల్లో పెట్టింది. అందులో తయారయ్యేది పులుపు బీరు. ఊళ్ళోవాళ్ళు ఏడాదంతా ఎదురుచూసేది దానికోసమే. ఏడాదికోసారి తీసి సీసాలకు పట్టి, మళ్ళీ కొత్త మాల్టు నీళ్ళు పోసి వదిలేస్తారు. ఆ గదిలో నాకు పనుండేది కాదు. గుమ్మంలోంచి చూస్తే గోడల మీద బూజు, పీపా తలుపు చుట్టూ నల్లటి జిగురు. నాకు ఒళ్ళు జలదరించేది. అంత మంచి మనిషి ఇంట్లో ఇంత కుళ్ళేమిటి అనుకునేదాన్ని.

నేను చేరిన యేడు ఆ పులుపు బీరు సీసాలకు మూతలు బిగించింది నేనే. పసుపు లేబిలు సీసాలు. మరుసటి యేడు పెద్ద ఊరి దుకాణంవాళ్ళు వచ్చి సరుకంతా మాకే కావాలన్నారు. చిక్కేమిటంటే ఆ బీరు సీసాలో పడ్డాక కూడా లోపల్లోపల పొంగుతూనే ఉంటుంది, దూర ప్రయాణంలో సీసాలు పగులుతాయి. పొడుగాయన తల పట్టుకుంటే, “దానికేముందండీ, మూతలు బిగించాక వేడినీళ్ళలో కూర్చోబెడదాం. లోపలున్నది చచ్చి ఊరుకుంటుంది” అన్నాను. అలాగే చేశాం. ఒక్క సీసా పగల్లేదు. “సిస్టరమ్మ బుర్రే బుర్ర” అన్నారందరూ. ఆ రోజు సందులో చేపల నీళ్ళు కూడా నాకు పన్నీటిలా అనిపించాయి.

సరుకు లారీ ఎక్కింది. పీపాలోకి మర్నాడు కొత్త నీళ్ళు పోస్తామని అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. నేను వెళ్ళబోతూ, తలుపు వారగా ఉంటే పీపాలోకి తొంగిచూశాను. అడుగున జానెడు మడ్డి. బురద రంగు, పైన తెల్లటి పొర. గుప్పుమని వాసన, తడిసిన గుర్రం పక్కన నిలబడ్డట్టు. థియేటర్లో అలాంటి వాసన వస్తే రోగిని గుమ్మం దాటనిస్తానా? ఇందులోనా రేపు కొత్త నీళ్ళు పోసేది! పాపం పెద్దమ్మకు వంగే ఓపిక లేదు, పొడుగాయనకేమో ఈ చిన్న తలుపులో భుజాలు పట్టవు, అందుకే ఇన్నేళ్ళూ ఎవరూ కడగలేదనుకున్నాను. పొద్దున్నే వచ్చి అందరూ లేచేసరికి కడిగి పెడితే ఎంత సంబరపడతారో అని ఇంటికి వెళ్ళేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

తెల్లవారుతుండగా వెళ్ళాను. మడ్డంతా గొట్టంతో కాలవలోకి తోసేశాను. మాస్కు కట్టుకుని లోపలికి దూరి, బ్రష్షుతో పలక పలకా రుద్దాను. కాస్టిక్ సోడా, వేడినీళ్ళు, ఆ తర్వాత ఆవిరి. ఆవిరితో తృప్తి తీరక మళ్ళీ వేడినీళ్ళు, మళ్ళీ ఆవిరి. నేను ఏ పనీ సగంలో వదలను. గోడల బూజు దులిపాను, కిటికీ అద్దాలు తళతళలాడించాను. పీపా లోపల చెక్క కొత్తపెళ్ళికూతురి మొహంలా వెలిగిపోయింది. మోకాళ్ళు చీరుకుపోయాయి, పట్టించుకోలేదు.

పెద్దమ్మా పొడుగాయనా కలిసే వచ్చారు. “రండి రండి” అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను పెద్దమ్మని. “చూడండి, కంచం అక్కర్లేదు, ఇందులోనే భోంచెయ్యొచ్చు!”

పొడుగాయన వంగి లోపలికి తల పెట్టాడు, గట్టిగా వాసన పీల్చాడు. తల బయటికి తీసినప్పుడు ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మడ్డేదండీ?”

“కాలవలో తోసేశాను. అబ్బ, ఎంత కంపు...”

“తోసేశారా?” అన్నాడు. “ఆవిరి పట్టారా? చెక్కకి?”

“రెండుసార్లు” అన్నాను. ఆ మాట గర్వంగానే అన్నాను, ఇప్పటికీ నా చెవుల్లో మోగుతుంది.

ఆయన గోడకి ఒక గుద్దు గుద్దాడు. “సిస్టరమ్మగారూ, పాలు తోడెయ్యాలంటే నిన్నటి పెరుగు చెంచాడు అట్టేపెడతారా, గిన్నె తోమి పారేసి పాలకేసి చూస్తూ కూర్చుంటారా? ఆ మడ్డే తోడండీ! ఆ బూజే తోడు! ఈ పీపాని పుట్టినప్పట్నుంచి ఎవరూ కడగలేదు. చేతకాక కాదు, కడగకూడదు కాబట్టి. పెద్దయ్యగారు పట్టిన తోడది. ఎలకమీద కోపంతో ఇల్లు తగలబెట్టారు కదండీ!”

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో బ్రష్షు కింద పెట్టేశాను. “బజార్లో ఈస్ట్ కొని వేస్తే...” అన్నాను.

“అది వేరు, ఇది వేరు. ఇది ఈ గదిలో తప్ప ఎక్కడా లేదు.”

“మరి నిన్న పంపిన సీసాల అడుగున ఉండదా?”

“ఉండేది. వేడినీళ్ళలో కూర్చోబెట్టమన్నదెవరు?” అన్నాడు.

నా బుర్రే బుర్ర.

పెద్దమ్మ ఖాళీ సీసాల పెట్టె మీద కూలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. ఆవిడ పీపా మీద చెయ్యి వేసి, “నేను చెప్పి ఉండాల్సింది. ఇంట్లో అందరికీ తెలిసిందే కదా అని ఎవరం నీకు చెప్పనే లేదు” అంది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, “ఆయన పోయాక కూడా ఏడాదికోసారి ఆయన చేతి రుచి తగిలేది” అంది.

ఆ గదిలో భూమి చీలితే దూరిపోయేదాన్ని. చీలలేదు. నేను అంత బాగా తుడిచిన గచ్చు, చీలికెక్కడుంటుంది?

“నేను మానేస్తానండీ. ఇంక మీకు మొహం చూపించలేను” అన్నాను.

“మానేస్తే నీకు తేలిక. నాకేం ఒరుగుతుంది?” అంది పెద్దమ్మ.

పొడుగాయనే చివరికి దారి చెప్పాడు. పోయినేటి పసుపు లేబిలు సీసాలు వేడినీళ్ళ మొహం చూడలేదు. తెరవనిది ఒక్కటి ఎవరింట్లోనైనా, నీడపట్టున ఉండి ఉంటే, దాని అడుగున తోడు బతికే ఉంటుంది. అది దొరికితే పీపా లేస్తుంది. దొరక్కపోతే లేదు. “కాని ఎవరు తిరుగుతారు ఇల్లిల్లూ?” అన్నాడు. నన్ను చూడకుండానే అన్నాడు.

“నేనే” అన్నాను.

తప్పు చెయ్యడం ఒక ఎత్తు. దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరగడం ఒక ఎత్తు. మొదటి ఇల్లు దర్జీది. వాళ్ళబ్బాయి కాలు విరిగినప్పుడు రాత్రంతా పక్కన కూర్చున్నదాన్ని నేనే. “రండి సిస్టరమ్మా!” అని కుర్చీ వేశాడు. “పోయినేటి పులుపు బీరు సీసా ఏమైనా మిగిలి ఉందా?” అని అడిగాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. “మీరా! మీకా!” అన్నాడు. నాకు కాదు, షెడ్డుకి అని చెప్పబోయాను. అంటే షెడ్డులో పనిచేస్తున్నట్టు చెప్పాలి. వదిన మొహం గుర్తొచ్చి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. “ఊరికే” అన్నాను. ఊరికే! పొద్దున్నే ఇంటికొచ్చి బీరు సీసా అడిగి, ఊరికే అనే మనిషిని ఎవరైనా ఏమనుకోవాలి?

నేను మూలమలుపు తిరిగేలోపు ఆ కబురు నాకంటే ముందు తిరిగింది. తర్వాతి ఇళ్ళల్లో ఆడవాళ్ళు జాలిగా చూడటం మొదలెట్టారు. పడవలకు రంగులేసే ఆయన భార్యయితే నన్ను పక్కకి తీసుకెళ్ళి, “మా తమ్ముడూ ఇలాగే ఉండేవాడమ్మా, ఇప్పుడు మానేశాడు. మనసు గట్టిచేసుకోవాలి” అని చెయ్యి నిమిరింది. వాళ్ళింట్లో ఒక సీసా ఉంది కూడా. రేకుల షెడ్డు మీద, ఎండలో, రంగు డబ్బాల పక్కన ఏడాదంతా మాడింది. తీసుకెళ్ళి ఇస్తే పొడుగాయన విప్పి వాసన చూసి, మాట్లాడకుండా పారబోశాడు.

ఇంక దాచి ఏం లాభం? మధ్యాహ్నం నుంచి ప్రతి గుమ్మంలోనూ గట్టిగానే చెప్పాను. నేను బీరు షెడ్డులో పనిచేస్తున్నాను, కడగకూడనిది కడిగేశాను, తోడు పారబోశాను, పోయినేటి సీసా ఉంటే ఇవ్వండి. కొందరు నవ్వారు. కొందరు అయ్యో అన్నారు. కొందరు ఆ పులుపు బీరు ఇక రాదా అని నా మీద ఇంతెత్తున లేచారు. వాళ్ళ కోపమే నాకు కాస్త హాయిగా ఉంది.

మా సర్జన్‌గారు రిటైరై ఇక్కడే ఉంటున్నారు. ఆ ఇంటి బెల్లు నొక్కడానికి చెయ్యి రాలేదు. వరండాలో ఆయనే ఉన్నారు, చూసేశారు. అంతా విన్నారు. వాళ్ళింట్లో ఉన్న సీసాలు ఎప్పుడో అయిపోయాయట. “చెక్కలో ఎక్కడైనా కాస్త మిగిలి ఉండదా సార్?” అని అడిగాను. ఏదో ఒక ఆశ.

ఆయన ఎంతో ఆప్యాయంగా నవ్వారు. “సిస్టర్, మీరు కడిగాక ఇంకా ఏదైనా బతికి ఉంటుందా? ఇన్నేళ్ళు చూశాను. ఛాన్సే లేదు.”

జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. గేటు దాటి, గోడ పక్కన నిలబడి ఏడ్చాను.

ఇంటికి వెళ్ళేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. అన్నయ్య లోపల పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, తలకిందులుగా పట్టుకున్నాడని కూడా చూసుకోలేదు.

“పొద్దుట్నుంచి ఎంతమంది వచ్చారో తెలుసా?” అంది వదిన. “మందు కోసం ఇల్లిల్లూ తిరుగుతోందని ఒకళ్ళు. బీరు షెడ్డులో పనంటగా, ల్యాబన్నావేంటని ఇంకోళ్ళు. నా మొహాన ఇంత పేడ కొట్టినట్టయింది. ఏడాదిగా అబద్ధాలాడింది నేను కదా, నువ్వు కాదుగా!”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అక్కడే, చెప్పులు కూడా విప్పకుండా, జరిగిందంతా చెప్పాను. పెద్దమ్మ పెట్టె మీద కూలబడ్డం కూడా చెప్పాను. “పోయినేటి పసుపు సీసా ఒక్కటి దొరికితే చాలు వదినా, ఆ పీపా బతుకుతుంది. లేకపోతే నేనింక అక్కడికి ఏ మొహంతో వెళ్ళను?”

వదిన నా వైపు చాలాసేపు చూసింది. “మొహం కడుక్కో. అదీ నేను చెప్పాలా?” అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు వెనక గదిలో ముగ్గురం కూర్చుని ఉన్నాం. వెతకాల్సిన ఇళ్ళు అయిపోయాయి. బయట ఎవరో ముందు గేటు గొళ్ళెం తీసిన చప్పుడైంది. చూద్దును కదా, మా వదిన. ఎండలో, నడివీధిలోంచి, ముందు గేటు తోసుకుని వస్తోంది. సంచీ లేదు, కాగితం చుట్టలేదు. పసుపు లేబిలు సీసా చేత్తో పట్టుకుని, అందరికీ కనపడేలా వస్తోంది.

పొడుగాయన లేచి ఎదురెళ్తూ గుమ్మానికి తల కొట్టుకున్నాడు.

“పెద్దమ్మగారంటే మీరేనా?” అంది వదిన. “ఇదిగోండి. మా అమ్మాయి మూతపెట్టిన సీసా. పోయినేడు మీ దుకాణంలోనే కొన్నాను, చినుకు లేకపోయినా గొడుగు అడ్డం పెట్టుకుని. ఈ వయసులో కొత్త పని నేర్చుకుంది కదా, మొదటిది ఇంట్లో ఒకటి ఉండాలనిపించింది. బియ్యం డబ్బా వెనక దాచాను, దీనికి కూడా తెలీదు.”

వదిన! మందు పేరెత్తితే ఒళ్ళు మండే వదిన! నేను సందుల్లో నక్కి నక్కి తిరుగుతుంటే, ఆవిడ నా సీసా దాచిపెట్టుకుంది. చెంప మీద కొట్టినట్టయింది నాకు.

పెద్దమ్మ రెండు చేతులా సీసా అందుకుంది. కిటికీ వెలుగుకి ఎత్తింది. అప్పుడు చూశాను. మూత ఉత్తినే పైన పెట్టి ఉంది. సీసాలోంచి సముద్రం కనపడుతోంది, అలలతో సహా. లోపల చుక్క లేదు.

“లోపలిది ఆ రోజే సింకులో పోసేశాను లెండి” అంది వదిన. “క్షమించాలి, అది మా ఇంట్లో ఉండటానికి వీల్లేదు. ఆ వాసన నాకు పడదు. సీసా మాత్రం ఎంత కడిగానో! సబ్బుతో, వేడినీళ్ళతో, బ్రష్షు పెట్టి. లేబిలు తడవకుండా. మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నదే.”

పొడుగాయన నోరు తెరిచాడు. పెద్దమ్మ ఆయన కాలు తొక్కింది.

నేను తల ఎత్తలేదు. గచ్చు మీద నేను తుడిచిన మెరుపులో నా మొహమే కనపడింది. ఎవరైనా నన్ను ఆ కాలవలోకి తోసేస్తే బాగుండుననిపించింది.

“ఏమైనా గాని,” అంది పెద్దమ్మ, సీసా ఇటూ అటూ తిప్పుతూ, “చాలా బాగా కడిగావమ్మా. మీ ఇంట్లో అందరికీ ఉందా ఈ జబ్బు?” అని నవ్వింది. పీపా పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. ముందు నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది.

“అయితే పనికొస్తుందా? పీపా బతుకుతుందా?” అంది వదిన.

“బతుకుతుంది.”

“మా అమ్మాయిని పనిలోంచి తియ్యరుగా? నోరు దురుసు గాని చెడ్డది కాదండీ. ఇది ఇంట్లో కూర్చుంటే మా గిన్నెలు అరిగిపోతాయి.”

“తియ్యనమ్మా. నీ మాట మీద ఉంచుకుంటున్నానని తనకి గుర్తుండేలా చూస్తాను” అంది పెద్దమ్మ.

వదిన వెళ్ళేటప్పుడు నేను కడిగిన కిటికీ అద్దం దగ్గర ఆగి, దాని మీద వేలితో రాసి చూసుకుని, తలూపి, ముందు గేటు నుంచే వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక పొడుగాయన అన్నాడు, “ఎందుకండీ ఆవిడకి అబద్ధం చెప్పారు?”

“అబద్ధమని ఎందుకనుకుంటున్నావు? ఆయన మొదట ఏం చేశారో నీకు తెలీదు, నువ్వప్పుడు రాలేదు” అంది పెద్దమ్మ. “ఆయనకి ఎవరిచ్చారు తోడు? మాల్టు నీళ్ళు ఒక సీసాలో పోసి, పల్చటి గుడ్డ కట్టి, ఇదే కిటికీలో పెట్టారు. సముద్రం గాలిలోంచి అదే వచ్చి పడింది. మంచిదే పడుతుందని లేదు. ఎన్నిసార్లు పారబోశారో. కాని ముందు కావాల్సింది శుభ్రమైన సీసా. పాచి సీసాలో పాచే పెరుగుతుంది.” సీసా నా చేతిలో పెట్టింది. “ఇంతకంటే శుభ్రమైంది ఎక్కడ దొరుకుతుంది? ఇందులో మాల్టు నీళ్ళు పొయ్యి. నువ్వే పొయ్యి. పాడైతే మళ్ళీ పొయ్యి. అదే రుచి వస్తుందని నేను చెప్పను. ఆయన రుచి పోయింది. ఏదో ఒకటి వచ్చేదాకా నువ్వు ఇక్కడే ఉండాలి.”

థియేటర్లోలాగే మోచేతులదాకా చేతులు కడుక్కున్నాను. మాల్టు నీళ్ళు పోసి, గుడ్డ కట్టి, కిటికీ గూట్లో పెట్టాను. తళతళలాడే అద్దాల రెక్కలు బార్లా తెరిచాను. గాలి తోడుగా ఇసక, ఉప్పు, ఏవో పీచులు లోపలికొచ్చి గూట్లో పడ్డాయి. చెయ్యి జేబులోని గుడ్డ మీదకి పోయింది. పిడికిలి బిగించి అక్కడే ఆపాను.

సాయంత్రం ముందు గేటు నుంచి ఇంటికి వెళ్ళాను. దర్జీ, “ల్యాబు నుంచేనా సిస్టరమ్మా?” అని నవ్వాడు. “బీరు షెడ్డు నుంచి” అన్నాను. మొహం మండిపోయింది గాని, అన్నాను.

భోజనాల దగ్గర వదిన వడ్డిస్తూ, “పనికొచ్చిందా?” అంది.

చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. వదినా, ఆ సీసాలో నువ్వు పారబోసిందే మాకు కావాల్సింది, నువ్వు కడిగిందే మా పీపా ప్రాణం అని. చెబితే, నిన్న పెద్దమ్మ మొహంలో కనపడిందంతా ఇప్పుడు వదిన మొహంలో చూడాలి. అది నా వల్ల కాదు.

“వచ్చింది వదినా.”

“సరిగ్గానే కడిగానా? అడుగున ఎక్కడా మరక మిగల్లేదుగా?” అంది, ఒక పసిపిల్ల మార్కులు అడిగినట్టు.

అన్నయ్య పేపరు కాస్త కిందికి దించాడు. నేను కంచంలోకి తల వంచుకున్నాను.

“లేదు వదినా. ఒక్క మరక కూడా లేదు.”